డచ్చివారి వెన్న మాట

పాడికి పేరుగన్న దేశములలో హాలండు ఒకటి. అచ్చటివారు వెన్నను ‘బోటర్’ అందురు. ఆ వెన్న వారి సొంతమే కాని, ఆ మాట వారి సొంతము కాదు.

దాని పుట్టిల్లు గ్రీకు భాష. గ్రీకులు ఒలీవ నూనె వాడినవారు. వెన్న వారికి ఉత్తరదిశనున్న సిథియనుల వంటి పశుపాలకుల తిండి. తాము వాడని ఆ వస్తువునకు వారు తెలిసిన మాటలనే జోడించి ‘బూత్యురోన్’, అనగా ‘ఆవు జున్ను’, అని పేరిడిరి. రోమకులు దానిని ‘బుత్యురుమ్’ అనిరి. 1వ శతాబ్దమున రోమక పండితుడు ప్లీనీ, వెన్న అనాగరిక జాతుల ఆహారమని వ్రాసెను. చిత్రమేమనగా, వెన్నను అంతగా తినని రోమకుల మాటనే వెన్న తిను పశ్చిమ జర్మానిక జాతులు స్వీకరించినవి. డచ్చి ‘బోటర్’, ఇంగ్లీషు ‘బటర్’, జర్మను ‘బుటర్’ ఒక తల్లి బిడ్డలు. స్కాండినేవియావారు మాత్రము ‘స్మోర్’ అను తమ పాతమాటను విడువలేదు.

తరువాత ఈ మాట ఓడలెక్కినది. 1652లో డచ్చివారు దక్షిణాఫ్రికా కొనయందు స్థిరపడగా, అచ్చటి ఆఫ్రికాన్సు భాషలో అది ‘బొటర్’గా నిలిచినది. జపానులో దెజిమా దీవినుండి వర్తకము సాగించిన డచ్చివారి వలన ‘బోటోరు’ అను మాట ప్రవేశించినది. పిమ్మట ఇంగ్లీషు నుండి వచ్చిన ‘బాతా’ దానిని తొలగించినది. ఇండొనీషియాలో డచ్చివారు మూడు శతాబ్దములకు పైగా నెలకొనియుండిరి. అయినను అచ్చట వెన్న ‘మెంతెగా’యే. అది వారికి ముందు వచ్చిన పోర్చుగీసుల మాట. కావున మాటను నిలుపునది ఏలుబడి ఒక్కటే కాదు.

1605లో డచ్చివారు మన మచిలీపట్టణమునకును వచ్చిరి. మన బట్టలను కొనిపోయిరి కాని, వెన్నకు తమ పేరు నీయలేకపోయిరి. ఇంటింట కవ్వమాడు ఈ నేలపై ‘తెల్లని నేయి’ అను అర్థముగల ‘వెన్న’ అప్పటికే కలదు. తమిళుల ‘వెణ్ణెయ్’ దాని తోబుట్టువే.

అయినను నేడు అంగడి పొట్లములోని వెన్నను మనము ‘బటరు’ అనుచున్నాము. చల్ల చిలికి తీసినది వెన్న, కొని తెచ్చినది బటరు. బందరు రేవున దిగియు నిలువని ఆ గ్రీకు మాట, ఇంగ్లీషు వేషమున మన వంటయింటికి వచ్చి చేరినది.