కుంచం ఎవరి చేతిలో ఉంది?

మా అమ్మకి చదువు రాదు. కానీ కొలత తెలుసు. పాలకొల్లు చుట్టుపక్కల చేలల్లో కోత కోసి, కుప్ప నూర్చి, పొద్దుగూకే వేళకి కళ్ళంలో కూలిగింజల కోసం చెంగు పట్టి నిలబడేది. కామందు తనకి రావాల్సిన గింజలు కొలిపించుకునేటప్పుడు కుంచం మీద గోపురం లేచేది. మాకు కొలిచేటప్పుడు అరచేత్తో చదునయ్యేది. కుంచం ఒకటే. చెయ్యే వేరు. "కుంచాన్ని చూడమాకురా అబ్బాయ్, పట్టుకున్నోడి చెయ్యి చూడు" అనేది అమ్మ. సాహిత్య విమర్శ గురించి నేను విన్న మొదటి పాఠం అదే. అది పాఠమని తెలియడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

నాన్న కొబ్బరికాయలు వలిచే కూలీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో, క్లాసులో ఒక కథ గురించి మాట్లాడమంటే కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' ఎంచుకున్నాను. ఊరి బావి ముట్టుకోకూడనివాళ్ళు, అదే ఊళ్ళో చచ్చిన గొడ్డుని మోయాల్సినవాళ్ళు. అది మా తాతల కథ. నేను మాట్లాడ్డం ముగించాక మాస్టారు నవ్వారు. "అది కథ కాదయ్యా, కేసు. ఇవ్వాల్సింది పోలీస్ స్టేషన్లో" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ సగం నవ్వాను. ఆ సగం నవ్వుకి ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

ఆ రాత్రి నాకు కోపం కంటే ఎక్కువ బాధ పెట్టింది జవాబు లేకపోవడం. కథలో కన్నీళ్ళున్నాయని చెప్పగలను. అది ఎందుకు మంచి కథో చెప్పలేను. గింజలు మావే, కుంచం వాళ్ళది.

కొన్నాళ్ళకి గ్రంథాలయంలో ఒక పుస్తకం కనపడింది. 'ఆధునిక సాహిత్య విమర్శ సూత్రం'. రాసినవారు కొలకలూరి ఇనాక్. నేను అట్ట మీద పేరు దగ్గరే ఆగిపోయాను. ఇనాక్ అంటే మా పేటలో తాపీ పని చేసే పెద్దాయన పేరు. అలాంటి పేరు కథ మీద చూడ్డం వేరు, 'సూత్రం' అన్న మాట కింద చూడ్డం వేరు. సూత్రాలు చెప్పేవాళ్ళకి ఇంకో రకం పేర్లుంటాయని ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకున్నాను మరి.

ఆ పేర్లు మా పేటలకి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు ఈ దేశానికి వచ్చారు. పాలకొల్లు, నరసాపురం వాళ్ళ కేంద్రాలయ్యాయి. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కాలవలు తవ్వారు. ఆ మట్టి పనుల్లో మాలలు, మాదిగలు ఉన్నారు. వాళ్ళ మధ్యే సువార్త పాకింది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు మా వైపు తక్కువ. తట్ట మోసినవాడికి విగ్రహం లేదు. తవ్వినవాళ్ళకి దక్కింది ఒక కొత్త పేరూ, కొందరికి పలకా బలపమూ. కాలవ నీళ్ళు మాత్రం చేలకి పోయినంత తిన్నగా పేటలకి రాలేదు.

మా గోదావరి నేలకి రాసేవాళ్ళు లేరా? ఉన్నారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 1921లోనే, తెల్లదొరలు పోతే చాలదు, నల్లదొరల మాటేంటని అడిగాడు. మామిడికుదురు నుంచి బోయి భీమన్న వచ్చాడు. కందికుప్ప నుంచి బొజ్జా తారకం వచ్చి, కోర్టులోనూ కాగితం మీదా పోట్లాడాడు. వీళ్ళు నాకు గొంతునిచ్చారు. తక్కెడ కోసం మాత్రం నేను కృష్ణ దాటి గుంటూరు జిల్లా వేజెండ్ల దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఇనాక్ గారు 1939లో ఆ ఊళ్ళో పుట్టారు. తెలుగు చదివి, తెలుగు చెప్పి బతికిన మనిషి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, ఆ తర్వాత తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఉద్యోగం ఒక చేత్తో, కథ, నవల, నాటకం, కవిత్వం, విమర్శ ఇంకో చేత్తో. పేర్లు చూడండి. 'ఊరబావి', 'అస్పృశ్య గంగ', 'అనంత జీవనం'. జీవనం అంటే బతుకు. నిఘంటువు తీస్తే నీళ్ళు అని కూడా ఉంటుంది. కరువు సీమ బతుకు మీద రాసిన ఆ నవలకి 2015 మూర్తిదేవి పురస్కారం వచ్చింది. నీళ్ళున్న డెల్టాలో పుట్టి నీళ్ళు లేని సీమలో పనిచేసిన రచయిత, నీటి చుట్టూ తిరగడం విచిత్రం కాదు. కారంచేడు మొదలైంది కూడా నీళ్ళ దగ్గరే కదా. 1985 జూలైలో తాగే చెరువు పాడు చేయొద్దని బిందె ఎత్తి ఎదిరించింది మున్నంగి సువార్త. 'ఊరబావి' అంతకు ముందే రాసిన కథ. "అది కేసు" అన్న మా మాస్టారికి ఇప్పుడు నా జవాబు ఇది. అయ్యా, కేసు జరిగాక నడుస్తుంది. ఆ కథ జరగకముందే చూసింది.

కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత, తెలుగులో దళిత సాహిత్యం ఊరేగింపులా వచ్చింది. 1995లో 'చిక్కనవుతున్న పాట', మరుసటేడు 'పదునెక్కిన పాట'. 1998లో చిలుకూరి దేవపుత్ర 'పంచమం', 2000లో కళ్యాణరావు 'అంటరాని వసంతం'. అప్పుడు నేను పలక పట్టినవాణ్ణి. ఇవన్నీ ఆలస్యంగా, అరువు తెచ్చుకుని చదివాను.

కేంద్ర సాహిత్య అకాడమీ 1964లో జాషువాకిచ్చింది, 1975లో భీమన్నకిచ్చింది. రెండూ కవిత్వానికే. 2018లో ఇనాక్ గారికిచ్చింది నవలకి కాదు, కథకి కాదు. 'విమర్శిని' అనే వ్యాసాల పుస్తకానికి. మీరు పాడండి, ఏడవండి, మేం తూస్తాం అనే ఏర్పాటులో అదొక గండి. బహుమతులతో పేటకి కుళాయి రాదని నాకూ తెలుసు. అయినా ఆ వార్త విన్న రోజు మా స్టాఫ్ రూములో అందరికీ టీ నేనే ఇప్పించాను. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సంఘంలో తిరిగే మిత్రులు ఒక మాట అంటారు. "పదవుల్లో కూర్చున్నాయన ఉద్యమం గురించి ఏం రాస్తాడు? నువ్వయినా అంతేగా, ఒకటో తారీకు జీతం." ఆ దెబ్బ నాకూ తగులుతుంది. ధర్నాలో చివర నిలబడి ఫోటోలో పడకుండా జరిగిన రోజులు నాకున్నాయి. జీతం నోరు కట్టేస్తుంది, అబద్ధం కాదు. కానీ ఆ కుర్చీలో మనవాడు లేని ఇన్ని తరాలూ, మన బతుకు సిలబస్ బయట పడి ఉందన్నదీ అబద్ధం కాదు. వీధీ కావాలి, కుర్చీ కూడా కావాలి. కుర్చీలో కూర్చున్నాక చెయ్యి ఎలా కొలుస్తుందన్నదే అసలు పరీక్ష.

ఆయనదే ఇంకో పుస్తకం ఉంది, 'జానపదుల సాహిత్య విమర్శ'. ఆ పేరు చదివినప్పుడు నాకు నాట్లు గుర్తొచ్చాయి. వరసలో ఎవరైనా కొత్త పాట ఎత్తుకుంటే అమ్మ మధ్యలో ఆపేసేది. "అదేం పాటే! నడుం వంగినోళ్ళు పాడుకునేలా లేదు, గట్టు మీద నిలబడ్డోళ్ళు పాడినట్టుంది" అనేది. ఎవరి నడుంతో రాశావు అని అడగడం. ఇంతకంటే పెద్ద విమర్శ సూత్రం నేను ఎం.ఏ.లో చదవలేదు.

పోయినేడు మా బడిలో తొమ్మిదో తరగతికి వ్యాసం ఇచ్చాను, 'మా ఊరి నీరు'. అందరూ గోదావరి, అన్నపూర్ణ, కాటన్ అని రాశారు. పేట నుంచి వచ్చే ఒక పిల్ల మాత్రం ఇలా రాసింది. చేపల చెరువులొచ్చాక బోరు ఉప్పగయింది, ఎండాకాలం కాలవ కట్టేస్తే అమ్మ టిన్ను నీళ్ళు కొంటది, ఆ రోజు కూర ఉండదు. పక్క సీటు మాస్టారు చూసి, "వ్యావహారికం ఎక్కువైంది, తప్పులు కూడా. సగం మార్కులెయ్యండి చాలు" అన్నారు. మంచివాడే ఆయన.

ఎర్ర పెన్ను నా చేతిలో ఉంది. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. అక్షర దోషాలు నాలుగు దిద్దాను. దిద్దకపోతే రేపు ఇంకెవడో వాటినే చూపించి ఆ పిల్లని నవ్వుతాడు. 'కొంటది' మాత్రం కొట్టెయ్యలేదు. పదికి తొమ్మిది వేశాను. ఆ పిల్ల కాగితం తీసుకుని, "తప్పులున్నాయి కదండి మాస్టారూ, తొమ్మిదెందుకండి?" అంది.

"కూర లేదన్న వాక్యానికమ్మా" అన్నాను.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ చేట పక్కన పెట్టి అడిగింది. "మరి ఆ ఒక్కటీ ఎందుకు కోసేవురా?"