షోజో ప్రణయ హాస్య అనిమే

జపాన్ పత్రికల్లో అమ్మాయిల కోసం ధారావాహికగా వచ్చే షోజో మాంగా (బొమ్మల కథలు) ఆధారంగా తీసిన, ప్రేమ, హాస్యం, కుటుంబ వేదన కలగలిసిన యానిమేషన్ సీరియళ్లు ఇవి. 1970లలో హగియో మోటో, తకేమియా కేయికో వంటి రచయిత్రులు షోజో మాంగాకు కొత్త రూపమిచ్చారు. మాంగాలో సంభాషణల బుడగల వెలుపల రాసే నాయిక స్వగతం అనిమేలో నేపథ్య స్వరమవుతుంది.

తకాయా నత్సుకి మాంగా ‘ఫ్రూట్స్ బాస్కెట్’ (1998-2006) ప్రామాణిక ఉదాహరణ. తల్లి పోయాక గుడారంలో తలదాచుకున్న నాయిక తోహ్రూ, సోమా కుటుంబానికి చేరువవుతుంది. ఆ ఇంట్లో శాపగ్రస్తులైన మగవారిని పరాయి స్త్రీ, ఆడవారిని పరాయి పురుషుడు కౌగిలించుకుంటే వారు చైనా రాశిచక్ర జంతువులుగానో పిల్లిగానో మారిపోతారు. మొదట నవ్వించే ఈ శాపమే క్రమంగా, ఎవరినీ దగ్గరకు తీసుకోలేని మనుషుల దుఃఖంగా తేలుతుంది. ఈ కథల అసలు బలం అదే. దీని ఆధారంగా 2001లో వచ్చిన అనిమే 26 భాగాలతో ఆగింది. 2019-2021 నాటిది 63 భాగాల్లో కథను చివరిదాకా చెప్పింది.

పత్రికలో ధారావాహికగా వచ్చిన కథ తెరకెక్కే ఈ పద్ధతికి తెలుగులో దగ్గరి సంప్రదాయం పత్రికల సీరియల్ నవలది. యద్దనపూడి సులోచనారాణి నవలల్లో ‘మీనా’ 1973లో విజయనిర్మల దర్శకత్వంలో, ‘సెక్రటరీ’ 1976లో కె.ఎస్.ప్రకాశరావు దర్శకత్వంలో సినిమాలుగా వచ్చాయి.