పళవేర్కాడు నుంచి ప్రళయకావేరి దాకా

వలసపాలన, ప్రతిఘటన అనగానే తెలుగు పాఠకుడికి మొదట స్ఫురించేది ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922). ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది గనుక ఎవరు ఎవరిని ఎదిరించారో స్పష్టమే. ఆత్తిపట్టుకు ఉత్తరాన, పులికాట్ సరస్సు చుట్టూ అల్లిన కథల్లో ప్రతిఘటన అంత తేలికగా కనబడదు. దాన్ని భాషలో వెతుక్కోవాలి.

సరస్సు దక్షిణపు కొసన పళవేర్కాడులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఇక్కడి బట్టలు ఆగ్నేయాసియాకు ఎగుమతి అయ్యేవి. కరువుకాలాల్లో కొన్న మనుషులను బానిసలుగా బటేవియాకు పంపారు. 1825లో ఊరు ఆంగ్లేయుల పరమైంది. కంపెనీల దస్తావేజుల్లో సరుకుల లెక్కలున్నాయి గాని, బట్టలు నేసినవారి పలుకుబడి, ఓడెక్కినవారి గోడు మనకు దాదాపు అందలేదు.

స్వాతంత్ర్యం తరువాత భాషల పేర ఎల్లలు గీశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికీ, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కూ మారాయి. సరస్సు సైతం రెండు రాష్ట్రాల మధ్య ఉండిపోయింది. ఎల్లకు ఇరువైపులా రెండు భాషలూ వచ్చినవారు మాత్రం ఎక్కడివారక్కడే మిగిలారు.

స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' ఈ నేపథ్యంలో చదవాలి. ప్రళయకావేరి అంటే ఈ సరస్సే. అవ్వాతాతల చెంత పెరిగిన మనవడు చెప్పే ఈ కథల్లో దీవుల చేపలు, పిట్టలు, ఆటలు, తిండి ఆ సీమ నుడిలోనే పలుకుతాయి. కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఆంగ్లాన్ని వదిలి గికూయు భాషలో నవలలు రాశాడు. రమేశ్ ఎదుట ఉన్నది పరభాష ఒక్కటే కాదు, పాఠ్యపుస్తకాల ప్రమాణ తెలుగు కూడా. దస్తావేజుల్లో చోటు దక్కని పలుకుబడికి ఆ ప్రమాణ భాషలోనూ చోటు దొరకలేదు. ఆ లోటు తీర్చడమే ఈ కథల ప్రతిఘటన అని నా అభిప్రాయం.

అయితే ఒక చిక్కుంది. తమిళనాడు 2006లో చేసిన చట్టం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. రాష్ట్రభాష నేర్వడం అవసరమే. కాని ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి రాని పిల్లలకు తమ సీమ కథ అచ్చులో అందదు. అందుకే ఈ కథలను చదివి వినిపించాలి, తమిళ లిపిలోనూ అచ్చువేయాలి, వృద్ధుల నోటి మాటలను ఇప్పుడే సేకరించాలి. ఈ పనికి విమర్శకుల కన్నా ముందు మా భాషాశాస్త్రులు పూనుకోవాలి.