పిల్లల నిద్ర సమస్యలకు మానసిక చికిత్స: చరిత్ర

పడుకోబెట్టే వేళకు పేచీ, రాత్రంతా పదేపదే మెలకువ, పీడకలలు, కౌమారంలో అర్ధరాత్రి దాటినా పట్టని నిద్ర: వీటిని మందులతో కాక అలవాట్లు, ఆలోచనలు, దినచర్య మార్చి సరిచేసే పద్ధతులకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. తప్పు ఎక్కడుందని వెతికారన్నదే ఆ చరిత్రకు ఆయువుపట్టు. 1894లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు లూథర్ ఎమ్మెట్ హోల్ట్, ఏ బాధా లేకుండా అలవాటుగా ఏడ్చే పసివాణ్ణి ఏడవనివ్వమన్నాడు. తప్పు బిడ్డ మొండితనానిదన్నమాట. 1928లో ప్రవర్తనవాది జాన్ వాట్సన్ తల్లి గారాబాన్ని తప్పుపట్టాడు. ఈ రెండు తీర్పులకూ తగిన రుజువులు లేవు. పెద్దలు ఏర్పరచిన పరిస్థితులను పరిశీలించి, వాటిని మార్చినప్పుడే చికిత్స ఫలించింది.

ఆ మలుపు 1959లో కార్ల్ విలియమ్స్ ప్రచురించిన చిన్న నివేదికతో మొదలైంది. పుట్టిన తర్వాత ఏడాదిన్నర పాటు తీవ్రంగా జబ్బుపడి కోలుకున్న 21 నెలల బాబు, పక్కన ఎవరైనా కూర్చుంటే తప్ప పడుకునేవాడు కాదు. పెద్దలు గదిలోంచి వచ్చేసి మళ్లీ లోపలికి వెళ్లకూడదని నిర్ణయించారు. మొదటిసారి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి ఏడుపు పూర్తిగా ఆగిపోయింది. వారం తర్వాత అత్తో పిన్నో, దగ్గరి బంధువు ఒకామె అతను ఏడవగానే లోపలికి వెళ్లడంతో కథ మొదటికొచ్చింది, చికిత్స మళ్లీ చేయాల్సి వచ్చింది. ఏడుపును ఆపినదీ, తిరిగి రాజేసినదీ పెద్దల నడవడే. 1985లో బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ తన పుస్తకంలో ఈ పద్ధతిని మెత్తబరిచాడు. రాత్రి మధ్యలో కాసేపు మెలకువ రావడం ప్రతి బిడ్డకూ సహజం. చేతుల్లో ఊగుతూ నిద్రపోయిన బిడ్డ మెలకువ రాగానే ఆ చేతులనే వెతుక్కుంటాడు. పక్కమీద తనంతట తాను నిద్రపోయినవాడు అలాగే మళ్లీ జారుకుంటాడు. అందుకే తలుపు మూసేయకుండా, వెళ్లి పలకరించే వ్యవధిని కొద్దికొద్దిగా పెంచమన్నాడు. 2006లో అమెరికా నిద్ర వైద్య నిపుణులు 52 అధ్యయనాలను సమీక్షించగా, ఇలాంటి ప్రవర్తన చికిత్సలతో చిన్నపిల్లల్లో నూటికి 80 మందికి పైగా మెరుగుపడ్డారని తేలింది.

బిడ్డను ఏడవనిస్తే మనసు గాయపడదా అన్నది తోసిపారేయదగ్గ ప్రశ్న కాదు. 2012లో వెండీ మిడిల్‌మిస్ బృందం 25 తల్లీబిడ్డల జంటలను పరిశీలించింది. మూడో రోజుకు ఏడుపు ఆగినా, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ బిడ్డల్లో తగ్గలేదు. అయితే పోల్చడానికి చికిత్స పొందని బిడ్డల బృందం అందులో లేదు. అదే ఏడాది వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనం 326 మంది పిల్లలతో మొదలై, వారిలో చివరిదాకా ఉన్నవారిని ఆరేళ్ల వయసులో పరిశీలించి, చికిత్స పొందినవారికీ పొందనివారికీ మనసు ఆరోగ్యంలో, తల్లితో అనుబంధంలో తేడా కనిపించలేదని చెప్పింది. మేలు కూడా అంతకాలం నిలవలేదని నిజాయితీగా ఒప్పుకుంది. హాని జరగలేదన్న సాక్ష్యమే బలంగా ఉంది. కానీ ఈ చికిత్స ప్రతి ఇంటికీ అవసరమని దానర్థం కాదు. తల్లి పక్కలోనే పిల్లలు పడుకునే మన ఇళ్లలో ఇది మరీ నిజం. 17 దేశాలు, ప్రాంతాల్లో దాదాపు 29 వేల మంది చిన్నారులపై 2010లో వెలువడిన సర్వేలో ఆసియా పిల్లలు ఎక్కువగా పెద్దల గదిలోనో పక్కలోనో పడుకుంటున్నారని తేలింది. అయినా బిడ్డకు నిద్ర సమస్య ఉందనుకునే తల్లిదండ్రులు చైనాలో నూటికి 70 మందికి పైగా ఉంటే, మరికొన్ని ఆసియా దేశాల్లో బాగా తక్కువ. పక్కలో పడుకోవడమే జబ్బయితే ఇంత తేడా రాదు. ఫెర్బర్ సైతం తన పుస్తకం 2006 నాటి కూర్పులో, పిల్లలు విడిగానే పడుకోవాలన్న పట్టు సడలించాడు.

కౌమారం దగ్గర పాత నింద మళ్లీ తలెత్తింది: బద్ధకం, ఇప్పుడైతే ఫోను. మేరీ కార్స్కడాన్ 1976లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టిన వేసవి నిద్ర శిబిరాల నాటికి సెల్‌ఫోన్లు లేవు. పదేళ్ల పిల్లలకు ఎంత నిద్ర కావాలో కౌమారంలోనూ అంతే కావాలని, పైగా పగటి మత్తు పెరుగుతుందని ఆమె అక్కడ గమనించింది. యుక్తవయసుతో జీవ గడియారమే ఆలస్యంగా నడుస్తుందని ఆమె తర్వాతి పరిశోధనలు చూపాయి. ఫోను వెలుగు ఈ ఆలస్యాన్ని పెంచగలదు, దానికి అదే మూలం కాదు. పడుకునే, లేచే వేళలను క్రమంగా సర్దే చికిత్స ఇక్కడ పనిచేస్తుంది, సర్దుకునే వీలుంటేనే. 13–18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. రాత్రి 11కు పుస్తకం మూయించి 5కు స్టడీ అవర్‌కు లేపే రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఏ మానసిక నిపుణుడూ ఆ గంటలను తెచ్చివ్వలేడు. తెల్లవారుజాము చదువు బుర్రకెక్కుతుందన్న మన నమ్మకం పెద్దవాళ్ల దేహానికి సరిపడవచ్చు, పదహారేళ్లవారికి అది నిద్రలోని చివరి భాగాన్ని కోసేయడమే. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లో బడి ఉదయం 8:30కు ముందు మొదలవకూడదంది. బడి ఆలస్యమైతే పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారని చాలామంది అభ్యంతరపెట్టారు. 2016లో సియాటిల్ నగరం హైస్కూళ్లను 7:50 నుంచి 8:45కు మార్చినప్పుడు పరిశోధకులు పిల్లల మణికట్టుకు పరికరాలు కట్టి కొలిచారు. రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది. పడుకునే వేళ దాదాపు మారలేదు, లేచే వేళే ఆలస్యమైంది.