కిరసనాయిలు డబ్బా – పారిస్ ఒప్పందం

వంటగ్యాసు రాక పూర్వం కామాటిపుర చాళ్లలో కిరసనాయిలు స్టవ్వే ఆధారం. రేషను దుకాణం ముందు డబ్బాతో వరుసలో నిలబడిన బాల్యం మా తరానిది. ఆ డబ్బాకు పారిస్ నగరంలోని ఒక సంస్థతో సంబంధమున్నదని చరిత్ర బోధించసాగిన తరువాతనే నాకు తెలిసివచ్చింది.

1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరాపై ఆంక్షలు విధించగా, కొద్ది నెలలలోనే పీపా ధర సుమారు 3 డాలర్ల నుండి 12 డాలర్లకు చేరువైనది. దిగుమతులపై ఆధారపడిన సంపన్న దేశాలు 1974లో పారిస్‌లో అంతర్జాతీయ ఇంధన సంస్థను నెలకొల్పుకొన్నాయి. ఆపత్కాలంలో నిల్వలు విడుదల చేసి పరస్పరం ఆదుకొనుటయే దాని ఆశయం. సభ్యత్వానికి ముందుగా ఓ.ఇ.సి.డి.లో ఉండవలెను, 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వ చూపవలెను. ధరల దెబ్బ మనకూ తగిలినది గాని, ఆ పంక్తిలో మనకు విస్తరి లేదు.

కాలక్రమాన చమురు గిరాకీ ఆసియా వైపు మళ్లినది. పెద్ద కొనుగోలుదారులను వెలుపల ఉంచి నెగ్గుకురావడం ఆ సంస్థకే కష్టమైనది. 2015లో చైనా, 2017 మార్చిలో భారత్ అనుబంధ దేశాలయ్యాయి. 2021 జనవరిలో మనతో వ్యూహాత్మక భాగస్వామ్యం కుదిరినది. 2023లో పూర్తి సభ్యత్వం కోరగా, 2024 ఫిబ్రవరిలో సభ్యదేశాల మంత్రులు చర్చలకు సమ్మతించారు.

నా దృష్టిలో దౌత్యం కంటె నిల్వయే కఠినం. విశాఖపట్నం రాతిగుహలో 13.3 లక్షల టన్నులు, మంగళూరు, పాదూరులతో కలిపి 53.3 లక్షల టన్నులు పట్టును. అవి నిండుగా ఉన్నను, 2019-20 వాడకం లెక్కన, తొమ్మిదిన్నర రోజులకే. కంపెనీల నిల్వలు కలిపితే 74 రోజులని ప్రభుత్వ లెక్క. తక్కిన దానికి గుహలు తొలవవలెను, కొన్న చమురును వాడక దాచవలెను.