ప్రవర్తనా శాస్త్రాలు

ప్రవర్తనా శాస్త్రాలు అనగా మానవుల, జంతువుల ప్రవర్తనను క్రమబద్ధమైన పరిశీలన ద్వారా, ప్రయోగాల ద్వారా అధ్యయనం చేసే శాస్త్రాల సముదాయం. ఇది ఒకే శాస్త్రం కాదు. మనస్తత్వ శాస్త్రం వీటిలో ప్రధానమైనది. జంతు ప్రవర్తనా శాస్త్రం, సంజ్ఞాన శాస్త్రం, ప్రవర్తనా అర్థశాస్త్రం, మానవ శాస్త్రంలోను సమాజ శాస్త్రంలోను కొన్ని భాగాలు కూడా ఈ కోవలోకి వస్తాయి.

సాంఘిక శాస్త్రాలతో భేదం

సాంఘిక శాస్త్రాలు ముఖ్యంగా సమాజ వ్యవస్థలను, సంస్థలను పరిశీలిస్తాయి. ప్రవర్తనా శాస్త్రాలు వ్యక్తి తీసుకునే నిర్ణయాలను, చేసే పనులను పరిశీలిస్తాయి. ఎన్నికల వ్యవస్థ నిర్మాణం మొదటి దానికి చెందిన విషయం కాగా, ఓటరు ఒక అభ్యర్థిని ఎందుకు ఎంచుకుంటాడన్నది రెండవ దానికి చెందుతుంది. అయితే ఈ రెండింటి మధ్య కచ్చితమైన సరిహద్దు లేదు.

చరిత్ర

రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలలో, ఆహారంతో ముడిపడిన సంకేతానికే వాటి నోట లాలాజలం ఊరడం గమనించాడు. దీనినే శాస్త్రీయ నిబంధన అంటారు. 1913లో అమెరికాకు చెందిన జాన్ వాట్సన్, మనస్తత్వ శాస్త్రం బయటకు కనిపించే ప్రవర్తననే అధ్యయనం చేయాలని వాదించాడు. ఈ వాదానికి ప్రవర్తనావాదం అని పేరు. బి.ఎఫ్. స్కిన్నర్ దీనిని కార్యసాధక నిబంధన సిద్ధాంతంతో విస్తరించాడు. "ప్రవర్తనా శాస్త్రాలు" అనే ఉమ్మడి పేరు 1950వ దశకంలో అమెరికాలో వ్యాప్తిలోకి వచ్చింది.

జంతు ప్రవర్తనపై చేసిన పరిశోధనలకు కార్ల్ వాన్ ఫ్రిష్, కొన్రాడ్ లోరెంజ్, నికొలాస్ టిన్‌బెర్గెన్‌లకు 1973లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అర్థశాస్త్రంలో మనస్తత్వ పరిశోధన ఫలితాలను ప్రవేశపెట్టినందుకు డేనియల్ కానెమన్‌కు 2002లో, ప్రవర్తనా అర్థశాస్త్రంలో కృషికి రిచర్డ్ థేలర్‌కు 2017లో అర్థశాస్త్ర నోబెల్ లభించింది.

కాకినాడ ప్రయోగం

ఈ శాస్త్రాలలో పేరు పొందిన ఒక ప్రయోగం ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. విజయం సాధించాలనే కోరికను, అనగా సాధనా ప్రేరణను, శిక్షణతో పెంచవచ్చునా అన్నది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ ప్రశ్న. 1964లో కాకినాడకు చెందిన చిన్న వ్యాపారులకు, పారిశ్రామికులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో శిక్షణ ఇచ్చారు. శిక్షణ పొందినవారు, పొందనివారి కంటే తమ వ్యాపారాలలో ఎక్కువ చురుకుగా ఉన్నట్లు పరిశోధకులు తేల్చారు. సాంప్రదాయిక విశ్వాసాలు ఈ మార్పుకు అడ్డు రాలేదని కూడా భావించారు. ఈ ఫలితాలను మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో గ్రంథంగా ప్రచురించారు.

విమర్శ, పరిమితులు

మనిషినే ప్రయోగ వస్తువుగా తీసుకోవడం వలన నైతిక ప్రశ్నలు తలెత్తుతాయి. స్టాన్లీ మిల్గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది, ప్రయోగకర్త ఆదేశం మేరకు ఎదుటి వ్యక్తికి 450 వోల్టుల విద్యుదాఘాతం ఇస్తున్నామని నమ్మి మీట నొక్కారు. నిజానికి విద్యుత్తు ప్రసరించలేదు. కాని ఆ సంగతి తెలియక పాల్గొన్నవారు తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనయ్యారు. ఇటువంటి ప్రయోగాలపై వచ్చిన విమర్శల తరువాత, పాల్గొనేవారి సమ్మతికి, క్షేమానికి సంబంధించిన నియమాలు కఠినమయ్యాయి.

ఫలితాల విశ్వసనీయత మరొక సమస్య. 2015లో ప్రచురితమైన ఒక ఉమ్మడి పరిశోధనలో 100 మనస్తత్వ అధ్యయనాలను తిరిగి చేయగా, సుమారు 36 శాతం పునఃప్రయోగాలలో మాత్రమే గణాంకపరంగా ప్రాముఖ్యం గల ఫలితం వచ్చింది. అందువలన ఒకే ప్రయోగంపై ఆధారపడి మానవ స్వభావం గురించి సాధారణ సూత్రం చెప్పడం సరికాదని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఇవి కూడా చూడండి

* మనస్తత్వ శాస్త్రం
* మానవ శాస్త్రం
* సమాజ శాస్త్రం