ఈమాక్స్‌లో అక్షరం పెరిగిన తీరు

ఈమాక్స్ టెక్స్ట్ ఎడిటర్ 1976లో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పుట్టింది. అప్పటికే టెకో అనే ఎడిటర్ కోసం అక్కడివాళ్లు ఎవరికి వారు రాసుకున్న మాక్రోలు చాలా ఉండేవి. రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ వాటిని ఒక పొందికకు తెచ్చారు. వాడేవాళ్లు తమకు నచ్చినట్టు మార్చుకోగలగడమే మొదటి నుంచీ ఈమాక్స్ ప్రాణం. ఏ మీట ఏ పని చెయ్యాలో మార్చుకోవచ్చు, కొత్త ఆదేశాలు రాసుకోవచ్చు. అక్షరం సైజు మీద మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. ఎడిటర్ అక్షరాల సంకేతాలను పంపేది, వాటి రూపాన్ని టెర్మినలే గీసేది. వీటీ100 వంటి టెర్మినళ్ల తెరపై 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు పట్టేవి. చూపు మందగించినవాళ్లు తెరకు దగ్గరగా జరగడం తప్ప చెయ్యగలిగింది లేదు.

ఇప్పుడు వాడుతున్న గ్నూ ఈమాక్స్ రచన 1984లో మొదలైంది. 1993లో వచ్చిన 19వ వెర్షన్ ఎక్స్ విండో అనే గ్రాఫిక్ వ్యవస్థలో వేరువేరు ఫ్రేములు, అంటే తెరపై విడివిడి కిటికీలు, తెరవనిచ్చింది. ఫాంటు ఎంచుకోవడం వీలయింది కానీ, దాన్ని మారిస్తే ఫ్రేములోని పాఠమంతా మారిపోయేది. ఫ్రేము కొలత వరుసలు, నిలువు గళ్ల లెక్కలో ఉండటంతో అక్షరం పెరిగినప్పుడు ఫ్రేము కూడా ఉబ్బేది.

అసలు మలుపు 2001లో 21వ వెర్షన్‌తో వచ్చింది. గెర్డ్ మోల్‌మన్ ప్రదర్శన యంత్రాంగాన్ని కొత్తగా రాశారు. వరుసలు వేరువేరు ఎత్తుల్లో ఉండటం సాధ్యమైంది. అక్షరాల రంగు, మందం, ఎత్తు కలిపి ఈమాక్స్ ఫేస్ అంటుంది. ఫేస్ ఎత్తును రెండు విధాల చెప్పవచ్చు: పాయింటులో పదో వంతు లెక్కన స్థిరమైన అంకె, లేదా కింది ఫేస్‌కు ఇన్ని రెట్లు అనే భిన్నం. తర్వాత వచ్చిన జూమ్ ఈ రెండో పద్ధతినే ఆధారం చేసుకుంది.

ఆ జూమ్ 2009 జూలైలో 23వ వెర్షన్‌తో వచ్చింది. ఫేస్‌ల రూపాన్ని ఒక బఫర్ వరకే, అంటే తెరిచిన ఒక పాఠం వరకే, మార్చే ఏర్పాటు మైల్స్ బేడర్ రాశారు. కంట్రోల్ ఎక్స్ తర్వాత కంట్రోల్ ప్లస్ నొక్కితే అక్షరం ఒక మెట్టు పెరుగుతుంది, మైనస్ తగ్గిస్తుంది, సున్నా అసలు సైజుకు తెస్తుంది. మెట్టుకు 1.2 రెట్లు. 10 పాయింట్ల అక్షరం మొదటి మెట్టులో 12, రెండో మెట్టులో 14.4, మూడో మెట్టులో 17.28 అవుతుంది. ఈ 1.2ను కూడా మార్చుకోవచ్చు.

జూమ్ బఫర్‌కు చెందింది, దాన్ని చూపే విండోకు (ఫ్రేములోని ఒక భాగానికి) కాదు. కొత్తవాళ్లను తికమకపెట్టే ప్రవర్తనలో కొంత ఈ ఒక్క నిర్ణయం నుంచే వచ్చింది. ఒకే బఫర్‌ను రెండు విండోల్లో తెరిస్తే రెండింట్లోనూ పెరుగుతుంది. వేరు సైజులు కావాలంటే ఆ బఫర్‌కు పరోక్ష ప్రతి, అంటే అదే పాఠాన్ని చూపే మరో బఫర్, తీసుకోవాలి. విండో అడుగున ఉండే మోడ్ లైన్ అనే సమాచార పట్టీ ఉన్నంతే ఉంటుంది. స్థిరమైన ఎత్తు ఇచ్చిన ఫేస్‌లు కదలవు; అందుకే కొన్ని థీమ్‌లలో పాఠం పెరిగినా శీర్షికలు పెరగవు. టెర్మినల్‌లో నడిచే ఈమాక్స్‌లో ఏ మార్పూ కనిపించదు. ఎడిటర్ మూసి తెరిస్తే జూమ్ పోతుంది. శాశ్వతంగా కావాలంటే ఆ రకం పాఠానికి ఈమాక్స్ వాడే మోడ్ మొదలయ్యేటప్పుడు దానంతటదే నడిచే ఆదేశాల జాబితాలో (హుక్‌లో) రాసుకోవాలి. జూమ్ వల్ల ఫైలులో ఒక్క అక్షరం కూడా మారదు.

జూమ్‌ను బఫర్‌కు కట్టిన నిర్ణయం సరైనదే. చదివేవాళ్ల అవసరం తెరను బట్టి కాక, తెరిచిన పాఠాన్ని బట్టి మారుతుంది. తెలుగే ఇందుకు సాక్ష్యం. జూమ్ తెచ్చిన 23వ వెర్షనే లోపలి లిపి సంకేతాలను యూనికోడ్‌కు మార్చింది, తెలుగు భాషా వాతావరణాన్నీ చేర్చింది. ఇంగ్లిష్ కోడుకు సరిపోయే సైజులో తెలుగు వత్తులు, గుణింతాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనిపిస్తాయి. 2020లో వచ్చిన 27వ వెర్షన్ లిపి కూర్పుకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని తెచ్చింది. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే అక్షరం పెరిగే వీలూ అందులోనే వచ్చింది.

ఎడిటర్ అంతటినీ ఒకేసారి పెంచే ఆదేశం 2023లో 29వ వెర్షన్‌తో గానీ రాలేదు. కంట్రోల్ ఎక్స్ తర్వాత కంట్రోల్, ఆల్ట్, ప్లస్ కలిపి నొక్కితే అన్ని బఫర్లతో పాటు మోడ్ లైన్ కూడా పెరుగుతుంది. ఫ్రేము మాత్రం ఉన్న కొలతలోనే ఉంటుంది; అదీ పెరగాలంటే వేరే అమరిక ఉంది. చూపు తక్కువైనవారికి ఈ ఆదేశం మేలు. తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన పెట్టుకుని పనిచేసేవారికి మాత్రం 2009 నాటి బఫర్ జూమే ఎక్కువ ఉపయోగం.